బాఖ్ మెదడుకూ, షోపాన్ మనసుకూ అనే విభజన సరికాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇటీవల నగరంలో జరిగిన పియానో కచేరీపై మీ పత్రిక ప్రచురించిన సమీక్షను శ్రద్ధగా చదివాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి తెలుగు దినపత్రికలో అర పేజీ దొరకడమే అరుదు కాబట్టి ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఆ కచేరీకి నేనూ వెళ్లాను. మొదటి భాగంలో బాఖ్ రాసిన ప్రెల్యూడ్‌లు (స్వేచ్ఛగా సాగే చిన్న రచనలు), ఫ్యూగ్‌లు (ఒకే చిన్న వరుసను పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచనలు), స్కార్లట్టి సొనాటాలు (వాద్యం కోసమే రాసిన రచనలు) రెండు. విరామం తరువాత షోపాన్ ప్రెల్యూడ్‌లు కొన్ని, చివరగా బ్రామ్స్ రాసిన ఒక పెద్ద వేరియేషన్ల రచన (ఒకే వరుసను రకరకాలుగా మార్చి వినిపించేది) వినిపించారు. బాఖ్ కాలపు బరోక్ యుగానికీ, షోపాన్, బ్రామ్స్‌ల కాలపు రొమాంటిక్ యుగానికీ మధ్య ఉన్న బంధాన్ని చూపడమే తమ ఉద్దేశమని నిర్వాహకులు ఆహ్వానపత్రంలోనే రాశారు. మీ సమీక్షకులు మాత్రం ఆ బంధాన్ని పక్కన పెట్టి, రెండు భాగాలనూ ఎదురెదురుగా నిలబెట్టారు. మొదటి సగం మెదడుకు మేత, రెండో సగం మనసుకు విందు అన్నారు. బరోక్ నియమాల సంకెళ్లను రొమాంటిక్ స్వరకర్తలు తెంచుకున్నారని తీర్పు చెప్పారు. బాఖ్‌ను వాయిస్తూ పెడల్ (స్వరాలు ఆగకుండా మోగేలా పాదంతో నొక్కే మీట) తొక్కడం అపచారమని కూడా అన్నారు. పెడల్ మాటలో కొంత నిజముంది. మిగిలిన రెండూ చరిత్రకు పొసగని మాటలు.

నేను సికింద్రాబాద్‌లో చాలాకాలంగా పిల్లలకు పియానో నేర్పుతున్నాను. "మా అమ్మాయికి బాఖ్ పరీక్షకు ఎంత కావాలో అంతే నేర్పండి మేడమ్, మిగతా సమయం ఏదైనా మధురమైనది చెప్పండి" అని అడిగే తల్లిదండ్రులు తరచూ తారసపడుతుంటారు. వారి మాటలో తప్పు పట్టడానికి లేదు. బాఖ్ లెక్కల మాస్టారు, షోపాన్ కవి అనే ఊహ అంతగా పాతుకుపోయింది. సమీక్ష రాసేవారు కూడా ఆ ఊహనే అచ్చువేస్తే దాన్ని సరిదిద్దే చోటే ఉండదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా ఓపికగా చదవమని కోరుతున్నాను.

బాఖ్, హ్యాండెల్, స్కార్లట్టి ముగ్గురూ 1685లోనే పుట్టారు. బాఖ్ 1750లో లైప్‌జిగ్‌లో కన్నుమూశాడు. మెండెల్‌సన్ 1809లో, షోపాన్, షూమన్ 1810లో, లిస్ట్ 1811లో పుట్టారు. అంటే బాఖ్ మరణానికీ ఈ తరం పుట్టుకకూ నడుమ అరవై ఏళ్ల దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించిన పుస్తకం ఒకటుంది. పన్నెండు స్వరాల్లో ప్రతిదాన్నీ ఆధారంగా చేసుకుని మేజర్, మైనర్ అని రెండేసిగా ఏర్పడే ఇరవై నాలుగు స్థాయిల్లో ఒక్కోదానికి ఒక ప్రెల్యూడ్, ఒక ఫ్యూగ్ చొప్పున బాఖ్ 1722లో కూర్చిన 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అది. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత అదే పద్ధతిలో రెండో సంపుటం కూడా తయారు చేశాడు. నేర్చుకునే యువకులకు ఉపయోగపడాలని, ఇప్పటికే నేర్చినవారికి కాలక్షేపం కావాలని మొదటి సంపుటం ముఖపత్రం మీద స్వయంగా రాసుకున్నాడు. ఆ పుస్తకం 1801 దాకా అచ్చు కాలేదు. అప్పటివరకూ గురువు దగ్గర ఉన్న ప్రతిని శిష్యుడు చేత్తో రాసుకోవడం, ఆ శిష్యుడి ప్రతిని అతని శిష్యుడు రాసుకోవడం, ఇలాగే అది చేతులు మారింది. బాన్ నగరంలో బాలుడైన బీథోవెన్ దాన్ని వాయించేవాడని అతని గురువు నేఫె 1783లో ఒక పత్రికలో రాశాడు. వార్సాలో చిన్నారి షోపాన్‌కు మొదటి గురువైన జివ్నీ కూడా బాఖ్‌ను ఆరాధించినవాడే. అందువల్ల బాఖ్ షోపాన్ వేళ్లకు అలవాటైంది బాల్యంలోనే. రొమాంటిక్ స్వరకర్తలు తెంచుకున్నారని సమీక్షకులు అంటున్న సంకెళ్లు అతనికి ఎన్నడూ సంకెళ్లుగా తోచలేదు.

షోపాన్ ప్రెల్యూడ్‌ల కథ ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కచేరీ రెండో భాగానికి ఆయువుపట్టు అవే. 1838 నవంబరులో అతడు రచయిత్రి జార్జ్ సాండ్‌తో, ఆమె ఇద్దరు పిల్లలతో కలిసి స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవికి వెళ్లాడు. ఆరోగ్యం కుదుటపడుతుందన్న ఆశతో చేసిన ఆ ప్రయాణం వానలతో, దగ్గుతో, ఊరివారి అనుమానపు చూపులతో బెడిసికొట్టింది. డిసెంబరులో వాల్దెమోసా అనే కొండ ఊరిలో, సన్యాసులు ఖాళీ చేసి వెళ్లిన పాత మఠంలో తలదాచుకున్నారు. పారిస్ నుంచి రావలసిన ప్లేయెల్ పియానో సుంకం అధికారుల చేతుల్లో చిక్కుకుని, జనవరిలో గాని చేరలేదు. అంతవరకూ స్థానికంగా దొరికిన నాసిరకం పియానోతోనే సరిపెట్టుకున్నాడు. అక్కడి నుంచి మిత్రుడు ఫొంతానాకు రాసిన ఉత్తరంలో తన గదిని నిలువెత్తు శవపేటికతో పోలుస్తూ, అందులో తనతో పాటు ఏమున్నాయో చెప్పాడు: బాఖ్, తన సొంత గీతలు, ఎవరివో పాత కాగితాలు. బాఖ్ అంటే ఆ ప్రెల్యూడ్‌ల, ఫ్యూగ్‌ల పుస్తకమే. ఆ గదిలోనే ఇరవై నాలుగు ప్రెల్యూడ్‌లు పూర్తి చేసి 1839 జనవరిలో పారిస్‌కు పంపాడు.

ఇరవై నాలుగు అన్న సంఖ్య యాదృచ్ఛికం కాదని వేరే చెప్పనక్కరలేదు. అయితే షోపాన్ బాఖ్ క్రమాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. బాఖ్ సి మేజర్, సి మైనర్ (సి, జి వంటివి పాశ్చాత్య స్వరాల పేర్లు), ఆపైన పక్క మెట్టు మీద మేజర్, మైనర్, ఇలా వరుసగా మెట్లెక్కుతాడు. షోపాన్ సి మేజర్ నుంచి దానికి బంధువైన ఎ మైనర్‌కు, అక్కడి నుంచి జి మేజర్‌కు, ఇ మైనర్‌కు, ఇలా పంచమం మీద పంచమంగా చుట్టివస్తాడు. బాఖ్ పుస్తకం అరలు అరలుగా సర్దిన కోశం, దాన్ని ఎక్కడైనా తెరిచి వాయించుకోవచ్చు. షోపాన్ వరుసలో ఒక ప్రెల్యూడ్ ముగింపు తరువాతి దానికి దారి తీస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. షోపాన్ ఫ్యూగ్‌లను పూర్తిగా వదిలేసి ప్రెల్యూడ్‌లు మాత్రమే ఉంచాడు. ఫ్యూగ్ చేతకాక వదిలేసినవాడు కాదు. చనిపోయే సంవత్సరం, 1849 ఏప్రిల్‌లో, చిత్రకారుడు దెలాక్రువాతో బండిలో షికారు చేస్తూ, సంగీతంలో తర్కాన్ని నిలబెట్టేవి కౌంటర్‌పాయింట్ (ఒకేసారి నడిచే వేర్వేరు వరుసల అల్లిక), ఫ్యూగ్‌లేనని అతనికి వివరించినట్టు ఆ చిత్రకారుడి దినచర్య పుస్తకంలో ఉంది. మయోర్కా నుంచి తిరిగివచ్చిన వేసవిలో షోపాన్ చేసిన పని మరింత ఆసక్తికరం. బాఖ్ పుస్తకపు పారిస్ ముద్రణను దగ్గర పెట్టుకుని, అచ్చుతప్పులనే గాక, బాఖ్ తమకు అర్థమైందనుకునే పండితులు ఆమోదించిన తప్పులను కూడా దిద్దుకుంటూ కూర్చున్నాడు. అది కూడా ఎవరి కోసమో కాదు, కేవలం తన కోసం. తన సొంత కచేరీ దగ్గరపడినప్పుడు రెండు వారాల పాటు తలుపులు మూసుకుని తన రచనలు కాక బాఖ్‌ను సాధన చేసేవాడని అతని శిష్యుడు లెంజ్ రాశాడు.

సమీక్షకులు మెదడు, మనసు అని విడదీసిన రెండు సి మేజర్ ప్రెల్యూడ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. బాఖ్ పుస్తకంలో మొట్టమొదటిది ముప్పై అయిదు బార్‌ల (మన తాళంలో ఆవర్తనం లాంటి కొలతల) ప్రెల్యూడ్. ప్రతి బార్‌లోనూ ఎడమచేయి రెండు స్వరాలు మోపి ఉంచుతుంది, కుడిచేయి మూడు స్వరాలను పైకి మీటుతూ రెండుసార్లు తిప్పుతుంది, ఆ మొత్తం వెంటనే మరోసారి వినిపిస్తుంది. చివరి మూడు బార్‌ల దాకా ఇదే అచ్చు, ఒక్క చోట కూడా మారదు. పాడుకోవడానికి రాగంలాంటి వరుస ఏదీ ఉండదు. నెమ్మదిగా వాయించాలా, వేగంగానా, మెల్లగానా, గట్టిగానా అన్న సూచన ఒక్కటీ ఉండదు. అయినా వింటున్నవారి గుండె బిగుసుకుంటుంది. ఎందుకంటే కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) తరువాత కార్డ్‌గా ఉద్వేగం పేరుకుంటుంది. ఇరవై నాలుగో బార్ నుంచి ఎనిమిది బార్‌ల పాటు మంద్రంలో జి స్వరం కదలకుండా నిలబడి, పైన స్వరాలు దానితో పెనుగులాడతాయి. ఆ తరువాతే ఇంటికి చేరినట్టు సి వినిపిస్తుంది. షోపాన్ మొదటి ప్రెల్యూడ్ సరిగ్గా ముప్పై నాలుగు బార్‌లు. అందులోనూ ఒకే ఆకృతి బార్ బార్‌కూ తిరిగివస్తుంది, అందులోనూ విడిగా పాట లేదు, చివర ఎడమచేయి సి మీదనే స్థిరపడుతుంది. తేడా ఎక్కడంటే, షోపాన్ రచన మొదట్లోనే ఉద్విగ్నంగా వాయించమని రాశాడు. కుడిచేతి బొటనవేలికి ప్రతిసారీ ఒక్క క్షణం ఆలస్యంగా స్వరం అప్పగించాడు, దానితో ఊపిరి అందనట్టుగా ఒక తొట్రుపాటు పుడుతుంది. నడుమ తొందరపడమని సూచించాడు. బాఖ్ చెప్పకుండా వదిలేసినదాన్ని షోపాన్ కాగితం మీద పెట్టాడు. అస్థిపంజరం ఒక్కటే. వీటిలో ఏది మెదడు, ఏది మనసు? బాఖ్ ప్రెల్యూడ్‌ను వింటూ తల మాత్రమే ఊపి ఊరుకునే శ్రోత నాకింతవరకూ కనబడలేదు. గూనో అనే ఫ్రెంచి స్వరకర్త ఈ ప్రెల్యూడ్ పైననే ఒక పాటవరుసను అల్లి 'ఆవే మరియా'గా మార్చి, 19వ శతాబ్దం నడిమి సంవత్సరాల్లో ప్రపంచానికి ఇచ్చాడు. బాఖ్ రాయని ఒక బార్‌ను తరువాతి ముద్రాపకులెవరో చేర్చగా, గూనో దాన్నే నిజమనుకుని వాడుకున్నాడన్నది వేరే ముచ్చట.

సమీక్షకులు కన్నీళ్లు తెప్పించిందని ప్రత్యేకంగా మెచ్చుకున్న ఇ మైనర్ ప్రెల్యూడ్ సంగతి కూడా ఇంతే. అందులో కుడిచేయి దాదాపు రెండు స్వరాల మధ్యనే నిట్టూరుస్తూ ఉంటుంది. పనంతా ఎడమచేతిది. కార్డ్‌లలోని స్వరాలు ఒకదాని తరువాత ఒకటి, పక్కనున్న మెట్టు మీదికే, కిందికి జారుతూ పోతాయి. ఇలా మెట్టు మెట్టుగా దిగే మంద్రస్వరం విలాపానికి గుర్తు అన్నది షోపాన్ కనిపెట్టిన సంగతి కాదు. బరోక్ యుగంలో అది అందరికీ తెలిసిన పలుకుబడి. బాఖ్ 1714లో రాసిన ఒక క్రైస్తవ భక్తి రచనలో 'ఏడుపు, విలాపం' అనే మాటలకు ఇటువంటి దిగుడు వరుసనే వాడి, చాలా ఏళ్ల తరువాత దాన్నే తన బి మైనర్ మాస్‌లో (చర్చి ఆరాధన పాఠానికి కూర్చిన సంగీతం) క్రీస్తును శిలువ వేసే ఘట్టానికి మలచుకున్నాడు. లిస్ట్ ఆ వరుసనే తీసుకుని, కుమార్తె బ్లాందిన్‌ను పోగొట్టుకున్న 1862లో, పియానో మీద పెద్ద వేరియేషన్లు రాశాడు. కొడుకు దానియేల్ అంతకు మూడేళ్ల ముందే పోయాడు. కడుపుకోత చెప్పుకోవడానికి లిస్ట్ అంతటి ఆధునికుడికి దొరికినది 150 ఏళ్ల నాటి బాఖ్ మంద్రస్వరమే. 1849 అక్టోబరు 30న పారిస్‌లోని మడ్లేన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలు జరిగినప్పుడు ఆర్గన్ మీద వినిపించిన అతని ప్రెల్యూడ్‌లలో ఈ ఇ మైనర్ కూడా ఒకటి.

మెండెల్‌సన్ గురించి ఎక్కువ చెప్పను, అతని రచనలు ఆ కచేరీలో లేవు. అయినా మరుగున పడిన బాఖ్ 'సెయింట్ మాథ్యూ పాషన్'ను (క్రీస్తు శ్రమల గాథకు కూర్చిన సంగీతం) 1829 మార్చి 11న బెర్లిన్‌లో ఇరవై ఏళ్ల కుర్రవాడిగా అతడు నడిపించి ఉండకపోతే, ఈనాడు మనం బాఖ్ పేరు ఇంత ఇష్టంగా పలికేవారమా అన్నది సందేహమే. లైప్‌జిగ్‌లో బాఖ్ స్మారకం కోసం 1840లో బాఖ్ పనిచేసిన చర్చిలోనే ఆర్గన్ కచేరీ చేసి డబ్బు పోగుచేసినవాడూ అతడే. (మన త్యాగరాజస్వామి, మెండెల్‌సన్ ఇద్దరూ 1847లోనే కాలం చేశారు, కాలం లెక్కల్లో రొమాంటిక్ యుగం మనకు ఎంత దగ్గరిదో గుర్తు చేయడానికే ఈ మాట.) షూమన్ దంపతులు 1845లో డ్రెస్‌డెన్‌లో పట్టుబట్టి కౌంటర్‌పాయింట్ చదువుకున్నారు. ఆ సంవత్సరమే రాబర్ట్ షూమన్, బాఖ్ పేరులోని అక్షరాలను స్వరాలుగా తీసుకుని ఆర్గన్ కోసం ఆరు ఫ్యూగ్‌లు, క్లారా పియానో కోసం మూడు ప్రెల్యూడ్‌లు, ఫ్యూగ్‌లు రాశారు. నేర్చుకునే పిల్లలకు రాబర్ట్ రాసిన సూత్రాల్లో, గొప్ప గురువుల ఫ్యూగ్‌లను, అన్నిటికీ మించి బాఖ్ పుస్తకాన్ని, నిత్యాహారం చేసుకోమని ఉంది. బాఖ్ మరణించిన నూరేళ్లకు, 1850లో, అతని సమస్త రచనలనూ అచ్చువేయడానికి ఏర్పడిన బాఖ్ సంఘం స్థాపకుల్లో అతడూ ఒకడు. ఆ పని ముగియడానికి యాభై ఏళ్లు పట్టింది. ఇవన్నీ సంకెళ్లు తెంచుకున్నవారి పనులుగా తోస్తున్నాయా?

ఇక బ్రామ్స్. నాకు అన్నిటికంటే బాధ కలిగించినది ఇక్కడే. కచేరీ ముగింపుగా వాయించిన రచనను సమీక్షకులు 'బ్రామ్స్ వేరియేషన్లు' అని మాత్రమే పేర్కొని, 'రొమాంటిక్ హృదయపు పరాకాష్ఠ' అని కొనియాడారు. ఆ రచన పూర్తి పేరు 'హ్యాండెల్ వరుసపై వేరియేషన్లు, ఫ్యూగ్'. మొత్తం కార్యక్రమానికి ఇరుసులాంటి పేరును వదిలేసి, దాని చుట్టూ పొగడ్త కట్టారు. హ్యాండెల్ బి ఫ్లాట్ మేజర్‌లో రాసి, 1733లో లండన్‌లో అచ్చయిన హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి మెట్ల వాద్యం) సంపుటంలో ఒక చిన్న 'ఎయిర్', అంటే పాటలాంటి వరుస, ఉంది. ఎనిమిది బార్‌లు, నాలుగేసి బార్‌ల రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండేసిసార్లు. హ్యాండెల్ దానికి తానే అయిదు వేరియేషన్లు రాసి ముగించాడు. 1861 సెప్టెంబరులో, ఇరవై ఎనిమిదేళ్ల బ్రామ్స్ దాన్నే తీసుకుని ఇరవై అయిదు వేరియేషన్లు, వాటి మీద ఒక మహా ఫ్యూగ్ రాసి, క్లారా షూమన్ పుట్టినరోజుకు కానుక చేశాడు. ఆ ఏడాది డిసెంబరులో హాంబుర్గ్‌లో దాన్ని మొదటిసారి కచేరీలో వాయించినదీ ఆమే.

మన కచేరీల్లో నెరవల్ వినే అలవాటున్నవారికి బ్రామ్స్ చేసిన పని వెంటనే పట్టుబడుతుంది. పల్లవిలోని ఒక్క పంక్తిని, తాళంలో దాని స్థానం చెదరకుండా, ఎన్ని రకాలుగా పరచవచ్చో అన్ని రకాలుగా పరిచినట్టు, అతడు హ్యాండెల్ కట్టిన ఎనిమిది బార్‌ల చట్రాన్ని దాదాపు చెక్కుచెదరనివ్వకుండా దాని లోపలే తిరుగుతాడు. ఆరో వేరియేషన్‌లో రెండు చేతులూ ఒకదాన్నొకటి వెంబడిస్తూ మైనర్‌లో గుసగుసలాడే కానన్ ఉంది. అది అచ్చంగా బరోక్ విద్య. పదమూడోది హంగరీ జిప్సీ వయొలిన్ల దర్పంతో నడుస్తుంది. పంతొమ్మిదోది పాతకాలపు సిసిలియానా నృత్యం. ఇరవై రెండోది మంద్రంలో ఆధార స్వరం ఆగకుండా మోగుతుండగా పైన చిన్న ఆటబొమ్మ గంటల్లా వినిపిస్తుంది. చివరి ఫ్యూగ్‌లో హ్యాండెల్ వరుస మొదటి స్వరాలే విషయంగా నిలిచి, తలకిందులై, నిడివి పెరిగి, చివరికి రెండు చేతులూ నిండిన కార్డ్‌లుగా విరుచుకుపడతాయి. దీన్ని హృదయపు పరాకాష్ఠ అంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ హృదయం కొట్టుకునేది హ్యాండెల్ గీసిన ఎనిమిది బార్‌ల లోపలే. బ్రామ్స్ ధోరణికి బద్ధ విరోధి అయిన స్వరకర్త వాగ్నర్ 1864లో ఈ రచనను బ్రామ్స్ చేతే విని, పాత రూపాలను ఎరిగినవాడు వస్తే వాటితో ఇంకా ఏమేం సాధించవచ్చో దీన్ని చూస్తే తెలుస్తుందని మెచ్చుకున్నాడట. విరోధి కూడా ఒప్పుకున్న సంగతిని మనం విస్మరించడం భావ్యమా?

అదే బ్రామ్స్ 1877లో, బాఖ్ ఒంటరి వయొలిన్‌కు రాసిన డి మైనర్ షాకాన్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరుసపై అల్లిన వేరియేషన్లు) పియానో మీదికి తెచ్చాడు. ఎడమచేతికి మాత్రమే రాశాడు. చిన్న వాద్యం మీద ఒక్క గీతల వరుసలో బాఖ్ ఒక ప్రపంచాన్నే ఇమిడ్చాడని, వయొలినిస్టు పడే కష్టాన్నీ పొందే తృప్తినీ కొంతవరకైనా అనుభవించాలంటే ఎడమచేత్తో ఒంటరిగా వాయించడమే మార్గమని క్లారాకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం అందేసరికి ఆమె సొరుగు లాగబోయి కుడిచేతి నరం బెణికించుకుని ఉందట. కానుక సమయానికే చేరింది. అంతకు ముందు మెండెల్‌సన్, షూమన్ ఇద్దరూ ఈ షాకాన్‌కే పియానో సహకారం విడివిడిగా రాశారు, ఒంటరి వయొలిన్ ఆనాటి శ్రోతల చెవికి ఆనదేమోనన్న భయంతో కాబోలు. బ్రామ్స్ ఏమీ చేర్చకుండా, ఒక చేతిని తీసేసి బాఖ్‌కు మరింత దగ్గరగా వెళ్లాడు. నా మట్టుకు నాకు, రొమాంటిక్ యుగం బాఖ్‌కు చేసిన నమస్కారాల్లో ఇంతకన్నా గొప్పది లేదు.

స్కార్లట్టి గురించి సమీక్షలో ఒక్క వాక్యమే ఉంది, నేనూ క్లుప్తంగానే చెబుతాను. ఇటలీలో పుట్టి, స్పెయిన్ రాజాస్థానంలో మరియా బార్బరా అనే రాణికి సంగీతం చెప్పుకుంటూ 550కి పైగా సొనాటాలు రాసిన ఆయన చేతులు దాటించే విన్యాసాలు, మెట్ల మీద దుముకులు తరువాతి పియానో వాద్యకారులను ఎంతగానో ఆకర్షించాయి. బ్రామ్స్ ఆయన సొనాటాల చేతిరాత ప్రతులను సేకరించి దాచుకున్నాడు.

పెడల్ విషయానికి వస్తాను. బాఖ్ ఎక్కువగా వాయించినవి హార్ప్సికార్డ్, క్లావికార్డ్, ఆర్గన్. హార్ప్సికార్డ్‌లో తీగను ఒక ములుకు మీటుతుంది, కాబట్టి మెట్టును ఎంత గట్టిగా కొట్టినా ధ్వని పెరగదు, తగ్గదు. చాలా మెల్లగా మోగే క్లావికార్డ్‌ను పక్కన పెడితే, ఫ్లారెన్స్‌లో క్రిస్టోఫోరి 1700 ప్రాంతంలో తీగను సుత్తితో కొట్టే యంత్రాన్ని తయారు చేశాక గాని వేలి బరువుకు ధ్వని లొంగలేదు. బాఖ్‌కు పియానో అసలు తెలియదనుకోవడం కూడా పొరపాటే. 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఎదుట అతడు ఆశువుగా ఫ్యూగ్ వాయించినది సిల్బర్‌మన్ చేసిన పియానో మీదనే. 1749లో ఒక పియానో అమ్మకానికి సంబంధించి అతడు సంతకం చేసిన రసీదు కూడా దొరికింది. అయినా ఆ పియానోలకు నేటి కాలిపెడల్ లేదు. అందుచేత ఫ్యూగ్‌లో పెడల్ తొక్కి నాలుగు గొంతులను ఒకే ముద్దగా చేయడం తప్పన్న సమీక్షకుల మాటను ఒప్పుకుంటాను. ఆ సాయంత్రం ఒకటి రెండు చోట్ల అలా జరిగింది కూడా.

కానీ సి మేజర్ ప్రెల్యూడ్‌లో సంగతి వేరు. హార్ప్సికార్డ్ వాద్యకారులు ఇలాంటి చోట వేళ్లు ఎత్తకుండా అదిమి ఉంచి కార్డ్ అంతా మోగేలా చూసుకునేవారు. నేటి పియానో మీద పాదంతో సుతారంగా, బార్ బార్‌కూ మారుస్తూ, అదే ఫలితం రాబట్టడం అపచారమెలా అవుతుంది? మరో మాట. అపచారమన్న మాట వాడదలిస్తే షోపాన్ విషయంలోనూ వాడాలి. ఇనుప చట్రం మీద తీగలను ఏటవాలుగా దాటించి బిగించే పద్ధతికి స్టైన్‌వే సంస్థ గ్రాండ్ పియానోలో పేటెంటు తీసుకున్నది 1859లో, షోపాన్ పోయిన పదేళ్లకు. అతడు ఇష్టపడిన ప్లేయెల్ తేలికైన మెట్లతో, సన్నని ధ్వనితో ఉండేది. ఆ సాయంత్రం వేదిక మీది నల్లని పెద్ద పియానో బాఖ్‌కు ఎంత పరాయిదో షోపాన్‌కూ కొంతవరకు అంతే పరాయిది. ఆ పియానో మీద బాఖ్‌ను వాయించడమే 19వ శతాబ్దం మనకిచ్చిన అలవాటు. క్లారా షూమన్, లిస్ట్ వంటివారు కచేరీల్లో బాఖ్‌ను పియానో మీదికి తేవడం వల్లనే అది మనకు సహజంగా తోస్తోంది. కాబట్టి కచేరీ మొదటి సగం కూడా, చెప్పాలంటే, రొమాంటిక్ యుగం గుండానే మన చెవిన పడింది.

రొమాంటిక్ స్వరకర్తలు కొత్తగా ఏమీ చేయలేదని నా వాదన కాదు. షోపాన్ చేతిలో లయ సాగడం, ముడుచుకోవడం, లిస్ట్ చేతిలో వాద్యమే ఒక మేళంగా మారడం, బ్రామ్స్ చేతిలో మంద్రస్థాయి బరువెక్కడం నిజమే. ఆ కొత్తదనం పాతదాన్ని తోసిపుచ్చి వచ్చినది కాదన్నదే నా మనవి. సమీక్షకులను పూర్తిగా తప్పుపట్టలేను కూడా. కార్యక్రమాన్ని కూర్చిన తీరే వారిని దారి తప్పించింది. పాతవన్నీ ముందు పెట్టి, పదిహేను నిమిషాలు టీ తాగించి, కొత్తవన్నీ తరువాత పెడితే ఎవరికైనా రెండు గదులుగానే కనిపిస్తుంది. ప్రెల్యూడ్‌కూ ఫ్యూగ్‌కూ మధ్య చప్పట్లు మోగడం కూడా శ్రోతల తప్పు కాదు. రెండూ కలిపి ఒకటేనని వారికి ఎవరూ చెప్పలేదు.

నిర్వాహకులు మళ్లీ ఇలాంటి కచేరీ పెట్టే ఆలోచనలో ఉంటే, వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. బాఖ్ సి మేజర్ ప్రెల్యూడ్, ఫ్యూగ్ అయిన వెంటనే, చప్పట్లకు వ్యవధి ఇవ్వకుండా, షోపాన్ సి మేజర్ ప్రెల్యూడ్ వాయించమనండి. లిస్ట్ విలాప వేరియేషన్ల పక్కన షోపాన్ ఇ మైనర్ పెట్టమనండి. షాకాన్‌ను బ్రామ్స్ ఎడమచేతి రూపంలో వినిపించమనండి. అది ఇక్కడి వేదికల మీద దాదాపు వినపడదు. అన్నిటికీ మించి, బ్రామ్స్ రచనకు ముందు హ్యాండెల్ తానే రాసుకున్న ఆ ఎయిర్‌ను, దాని అయిదు వేరియేషన్లనూ వాయించమనండి. దానికి కొద్ది నిమిషాలు చాలు. ఆహ్వానపత్రం వెనక రచనల పూర్తి పేర్లు, సంవత్సరాలు, ఎవరు ఎవరి వరుస తీసుకున్నారో తెలుగులో నాలుగు ముక్కలు అచ్చువేస్తే, మీ సమీక్షకులకూ పని సులువవుతుంది, మా విద్యార్థుల తల్లిదండ్రులకూ బాఖ్ దగ్గరవుతాడు. ఈ ఉత్తరాన్ని కుదించక తప్పనిసరైతే ఇంకేది తీసేసినా సరే, బ్రామ్స్ రచన పూర్తి పేరు మాత్రం ఉంచవలసిందిగా ప్రార్థన.

భవదీయురాలు,
ఒక పియానో ఉపాధ్యాయురాలు,
సికింద్రాబాద్.